చార్లెస్ డ్రూ: ప్రమాదానికి ముందే రక్తం సిద్ధంగా ఉంచడం నేర్పిన డాక్టర్

జహీరాబాద్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారికి రాత్రీ పగలూ తేడా లేదు. హైదరాబాద్ నుంచి ముంబై వైపు, అటు నుంచి ఇటు లారీలు, బస్సులు, కార్లు, సీజన్ వస్తే చెరకు ట్రాక్టర్లు. ఈ రోడ్డు మీద ఏదో ఒక ప్రమాదం గురించి వినని ఇల్లు మన దగ్గర ఉండదు. ప్రమాదం జరిగిన గంటలోపే వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అర్జెంటుగా రక్తం కావాలి, ఫలానా గ్రూపు, ఫలానా దవాఖానా. దాన్ని చూసి పేరు తెలియని కుర్రాళ్లు బైకు తీసి బయల్దేరతారు.

కానీ అసలు ప్రాణం కాపాడేది చాలాసార్లు అప్పుడు ఇచ్చే రక్తం కాదు. అంతకు ముందే ఎవరో ఇచ్చి, పరీక్షలు పూర్తయి, ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉన్న సంచీ. నెత్తురు ధారగా పోతున్న మనిషికి గంటలు ఉండవు, నిమిషాలే ఉంటాయి. రక్తాన్ని ముందే తీసి, చెడిపోకుండా దాచి, వేల మైళ్లు పంపి, ఎవరికో తెలియని మనిషికి ఎక్కించడం ఇవాళ మనకు మామూలు విషయం. దీన్ని ఒక పద్ధతిగా, పెద్ద ఎత్తున చేసి చూపించినవారిలో ముందు వరుసలో ఉండే పేరు డాక్టర్ చార్లెస్ రిచర్డ్ డ్రూ. ఆయన అమెరికాలో నల్లజాతి డాక్టర్. బతికింది 45 ఏళ్లే. ఆయన పోయింది కూడా రోడ్డు ప్రమాదంలోనే. ఆ చావు చుట్టూ ఒక కథ అల్లుకుంది. అది లక్షల మంది నమ్మిన కథ, అయినా నిజం కాదు. దాని సంగతి చివర్లో చెప్పుకుందాం.

కార్పెట్లు పరిచే తండ్రి, చదువు విలువ తెలిసిన తల్లి

డ్రూ 1904 జూన్ 3న అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పుట్టారు. తండ్రి రిచర్డ్ ఇళ్లలో, ఆఫీసుల్లో కార్పెట్లు పరిచే పనివాడు. తల్లి నోరా టీచర్ చదువు చదువుకున్నా ఇల్లు, పిల్లలే లోకంగా బతికింది. ఐదుగురు పిల్లల్లో చార్లెస్ పెద్దవాడు. ఫాగీ బాటమ్ అనే పేటలో వాళ్ల ఇల్లు. డబ్బున్న కుటుంబం కాదు, అలాగని పస్తులున్న కుటుంబమూ కాదు. కష్టపడితే గడిచిపోయే ఇల్లు. మనలో చాలామంది ఇళ్ల లాంటిదే.

చిన్నప్పుడు చార్లెస్ వీధుల్లో పేపర్లు అమ్మాడు. కొన్నాళ్లకు తనే మరికొందరు పిల్లల్ని పెట్టుకుని వాళ్ల చేత అమ్మించడం మొదలెట్టాడు. పదిమందిని కూడగట్టి పని చేయించే గుణం అప్పుడే కనిపించింది. పాతికేళ్ల తర్వాత న్యూయార్క్‌లో ఆయనకు అక్కరకొచ్చింది కూడా ఆ గుణమే.

1920లో చెల్లెలు ఎల్సీ చనిపోయింది. క్షయ ఉన్న పిల్లకు ఫ్లూ తోడైంది. ఇంట్లో ఒక పసిప్రాణం కళ్ల ముందే పోవడం ఆ కుర్రాడి మనసులో ఉండిపోయింది. డాక్టర్ కావాలన్న ఆలోచనకు ఇదొక కారణమని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు.

అయితే అప్పటికి చార్లెస్‌కు ఆటల పిచ్చి ఎక్కువ. డన్‌బార్ హైస్కూల్లో పరుగు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఈత, అన్నింట్లో ముందే. ఆటల మీద వచ్చిన స్కాలర్‌షిప్‌తోనే 1922లో మసాచుసెట్స్‌లోని ఆమ్హర్స్ట్ కాలేజీలో చేరాడు. ఆరువందల మంది విద్యార్థుల్లో నల్లవారు 13 మంది. మైదానంలో చప్పట్లు కొట్టే కాలేజీయే బయటి ఊళ్లకు మ్యాచ్‌లకు పోయినప్పుడు హోటల్లో వాళ్లకు కూర్చోనివ్వని అవమానాన్ని ఆపలేకపోయింది. ఫుట్‌బాల్ దెబ్బ తగిలి దవాఖానాలో పడుకున్నప్పుడు, అక్కడ డాక్టర్ల పని దగ్గర నుంచి చూశాడు. జీవశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఆటో గ్లేజర్ పాఠాలు కూడా తోడయ్యాయి. 1926లో డిగ్రీ చేతికొచ్చేసరికి దారి నిర్ణయమైపోయింది.

దారి తెలిసినా చేతిలో డబ్బు లేదు. బాల్టిమోర్‌లోని మోర్గాన్ కాలేజీలో రెండేళ్లు ఆటల కోచ్‌గా, కెమిస్ట్రీ, బయాలజీ టీచర్‌గా పని చేసి ఫీజులకు పైసలు కూడబెట్టాడు.

మాంట్రియల్‌లో పట్టుకున్న దారి

అప్పట్లో నల్లజాతి కుర్రాడికి మెడికల్ సీటు అంటే మాటలు కాదు. హార్వర్డ్ మరుసటి ఏడాదికి రమ్మంది. నల్లవారి కోసమే పెట్టిన హోవార్డ్ యూనివర్సిటీ ఇంగ్లీషు సబ్జెక్టులో క్రెడిట్లు తక్కువున్నాయని సీటు ఇవ్వలేదు. చివరికి దేశం దాటి కెనడాలోని మాంట్రియల్‌కు, మెక్‌గిల్ యూనివర్సిటీకి 1928లో వెళ్లాడు. అక్కడా డబ్బుకు ఇబ్బందే. పని చేసుకుంటూ, స్కాలర్‌షిప్‌లు గెలుచుకుంటూ చదివాడు. 1933లో 137 మంది తరగతిలో రెండో స్థానంలో పాసయ్యాడు.

మెక్‌గిల్‌లో జాన్ బియాటీ అనే బ్రిటిష్ ప్రొఫెసర్ పరిచయమయ్యాడు. గురుశిష్యుల సంబంధం స్నేహంగా మారింది. ఇద్దరికీ ఆసక్తి ఒకే విషయం మీద: రక్తం పోయినప్పుడు శరీరం ఎందుకు కుప్పకూలుతుంది, దాన్ని ఎలా నిలబెట్టాలి?

పెద్దమనిషి ఒంట్లో సుమారు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. కొద్దిగా పోతే శరీరం సర్దుకుంటుంది. గుండె వేగం పెరుగుతుంది, చర్మానికి పోయే నాళాలు బిగుసుకుంటాయి, చేతులూ కాళ్లూ చల్లబడతాయి. రెండు లీటర్ల దాకా పోతే ఆ సర్దుబాటు తెగిపోతుంది. మెదడుకు, గుండెకు, కిడ్నీలకు రక్తం చాలదు. డాక్టర్లు షాక్ అనేది ఇదే. మనం మామూలుగా భయపడి షాకయ్యాం అనుకునేది వేరు, ఇది వేరు.

ఈ స్థితిలో రక్తం ఎక్కించాలని అప్పటికే తెలుసు. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో రక్తం గ్రూపులు కనిపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి సిట్రేట్ కలిపితే రక్తం గడ్డకట్టదని తేలింది. కానీ మామూలు దవాఖానాల్లో జరిగేది ఏమిటంటే, రోగి టేబుల్ మీద ఉండగానే దాత కోసం పరుగులు తీయడం. గ్రూపు కలవాలి, మనిషి దొరకాలి, రావాలి, తీయాలి. ఈలోగా చాలామంది చనిపోయేవారు.

వారం ఆగని రక్తం, నెలలు ఆగే ప్లాస్మా

1935లో తండ్రి చనిపోయారు. ఇంటి బాధ్యత మీద పడింది. డ్రూ వాషింగ్టన్ తిరిగొచ్చి హోవార్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం, దాని అనుబంధ ఫ్రీడ్‌మెన్స్ హాస్పిటల్‌లో పని చేయడం మొదలెట్టారు. చదువుకోవడానికి సీటు ఇవ్వని అదే హోవార్డ్‌లో ఇప్పుడు ఆయనే టీచర్. 1938లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ దొరికింది. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి, ప్రెస్బిటీరియన్ హాస్పిటల్‌కు వెళ్లారు. అక్కడ జాన్ స్కడర్ అనే డాక్టర్ దగ్గర రక్తాన్ని నిల్వ చేయడం మీద పరిశోధన.

రక్తం నిల్వ పెట్టే ప్రయత్నం డ్రూతో మొదలు కాలేదు. రష్యాలో చేశారు, స్పెయిన్ అంతర్యుద్ధంలో చేశారు. 1937లో షికాగోలో బెర్నార్డ్ ఫాంటస్ తన దవాఖానాలో ఇలాంటి ఏర్పాటు చేసి దానికి బ్లడ్ బ్యాంక్ అని పేరు పెట్టారు. డ్రూ గొప్పతనం మరోచోట ఉంది. అప్పటిదాకా ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తున్న పనిని ఆయన ముక్కముక్కగా విడదీసి పరీక్షించారు. ఏ సీసాలో పెడితే మంచిది, సీసా ఆకారం వల్ల తేడా ఉందా, ఎంత చలువలో ఉంచాలి, కదిలిస్తే ఏమవుతుంది, ఏది కలిపితే ఎక్కువ రోజులు ఆగుతుంది?

నిల్వ ఉంచిన రక్తంలో ఎర్ర కణాలు మెల్లగా దెబ్బతిని, లోపలి పొటాషియం బయటికి కారుతుందని స్కడర్, డ్రూ గమనించారు. పొటాషియం ఎక్కువైన రక్తం గుండెకు ప్రమాదం. అప్పటి పద్ధతుల్లో రక్తం వారం రోజులకు మించి భద్రంగా ఆగదని తేలింది. మరి ఎర్ర కణాలు తీసేస్తే? మిగిలేది లేత పసుపు రంగు ద్రవం, ప్లాస్మా. రక్తంలో సగానికి పైగా అదే. అందులో చెడిపోయే ఎర్ర కణాలు ఉండవు కాబట్టి చాలా ఎక్కువ రోజులు నిల్వ ఉంటుంది. ఎంతోమంది ప్లాస్మాను ఒకచోట కలిపితే గ్రూపు గొడవ కూడా చాలా వరకు తగ్గుతుంది. షాక్‌లో ఉన్న మనిషి నాళాల్లో మళ్లీ ద్రవం నింపడానికి అప్పటికి అంతకన్నా మంచి సాధనం లేదు.

1939 ఆగస్టులో ప్రెస్బిటీరియన్ హాస్పిటల్‌లో ప్రయోగంగా బ్లడ్ బ్యాంక్ తెరిచారు. నిల్వ రక్తం గురించి డ్రూ రాసిన పెద్ద పరిశోధన గ్రంథానికి 1940లో కొలంబియా యూనివర్సిటీ డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా ఇచ్చింది. నల్లజాతివారిలో ఆ పట్టా అందుకున్న మొదటివాడు ఆయనే.

మధ్యలో ఒక చిన్న సంతోషం. 1939 వసంతంలో అలబామాలోని టస్కీగీలో జరిగే వైద్య సదస్సుకు పోతూ అట్లాంటాలో ఆగారు. అక్కడ స్పెల్మన్ కాలేజీలో పాఠాలు చెప్పే లెనోర్ రాబిన్స్ పరిచయమైంది. ఆ సెప్టెంబరులోనే పెళ్లి. వాళ్లకు ముగ్గురు ఆడపిల్లలు, ఒక అబ్బాయి. పెద్దమ్మాయిని బీబీ అని పిలుచుకున్నారు. ఇంగ్లీషులో బ్లడ్ బ్యాంక్ అనే మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. తండ్రి మనసు ఎక్కడుందో పాప పేరు చెబుతుంది.

లండన్ మీద బాంబులు, న్యూయార్క్‌లో ప్లాస్మా

1940లో జర్మనీ విమానాలు బ్రిటన్ మీద బాంబులు కురిపించాయి. సెప్టెంబరు 7 నుంచి లండన్ రాత్రుళ్లు మంటల్లో గడిచాయి. గాయపడినవాళ్లకు రక్తం చాలడం లేదు. న్యూయార్క్‌లో కొందరు డాక్టర్లు ప్లాస్మా సేకరించి ఓడల్లో పంపే పథకం ఆగస్టులోనే మొదలెట్టారు. బ్లడ్ ఫర్ బ్రిటన్ అని దాని పేరు. కానీ మొదట్లోనే చిక్కులొచ్చాయి. ఒక్కో దవాఖానాది ఒక్కో పద్ధతి. ప్లాస్మాలో క్రిములు చేరుతున్నాయి. సముద్రం దాటి వచ్చిన సీసాలో క్రిములుంటే అది మందు కాదు, విషం.

ఈ పని సరిచేయగల మనిషి ఎవరు? అప్పటికి మెక్‌గిల్ గురువు జాన్ బియాటీ బ్రిటన్‌లో ఉన్నారు. వేల యూనిట్ల ప్లాస్మా కావాలని ఆయన శిష్యుడికి టెలిగ్రాం కొట్టారు. హోవార్డ్‌కు తిరిగి వచ్చి పనిలో పడ్డ డ్రూ సెలవు పెట్టి మళ్లీ న్యూయార్క్ వెళ్లారు. పథకానికి మెడికల్ సూపర్‌వైజర్ అయ్యారు.

అక్కడ చేసింది చూస్తే పేపర్లు అమ్మించిన కుర్రాడే గుర్తొస్తాడు. ముందు అన్ని దవాఖానాలకూ ఒకే రూలు పెట్టారు. రక్తం తీసే పద్ధతి ఒకటి, సీసా ఒకటి, ప్లాస్మా వేరు చేసే తీరు ఒకటి. గాలి తగలకుండా మూసిన గొట్టాల్లోనే పని జరగాలి. శిక్షణ పొందినవాళ్లే ముట్టుకోవాలి. ప్రతి విడత ప్లాస్మాను ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ క్రిముల కోసం పరీక్షించాలి. అన్నీ సరిగా ఉంటేనే, క్రిములు పెరగకుండా మందు కలిపి, ఉప్పునీటితో పలచబరిచి, సీలు వేసి ఓడెక్కించాలి.

1941 జనవరిలో పథకం ముగిసేసరికి పద్నాలుగు వేలకు పైగా మంది రక్తం ఇచ్చారు. ఐదు వేల లీటర్లకు పైగా ప్లాస్మా ద్రవం అట్లాంటిక్ దాటింది. అంతకన్నా ముఖ్యం, రక్తాన్ని ఫ్యాక్టరీ సరుకంత క్రమంగా, శుభ్రంగా, పెద్ద ఎత్తున సేకరించవచ్చని రుజువైంది.

వెంటనే అమెరికన్ రెడ్ క్రాస్ తన దేశ సైన్యం కోసం న్యూయార్క్‌లో ప్రయోగ కేంద్రం పెట్టి డ్రూను తీసుకుంది. ఈసారి ద్రవం కాదు, పొడి ప్లాస్మా. యుద్ధరంగంలో శుభ్రమైన నీళ్లు కలిపితే కొద్ది నిమిషాల్లో సిద్ధం. ఫ్రిజ్ పెట్టిన బండ్లు వీధుల్లోకే పోయి రక్తం తీసుకునే ఏర్పాటు కూడా ఆ రోజుల్లోదే. ఇవాళ మన దగ్గర కాలేజీల ముందు, ఫంక్షన్ హాళ్ల ముందు ఆగే బ్లడ్ డొనేషన్ బస్సుకు తాత ఆ బండే.

ఆయన రక్తమే పనికిరాదన్నారు

ఇక్కడ కథ చేదుగా మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగే వేళ, సైన్యం కోరిక మేరకు నల్లవారి రక్తం తీసుకోబోమని రెడ్ క్రాస్ ప్రకటించింది. అంటే ఈ ఏర్పాటుకు రూపమిచ్చిన డాక్టరే వచ్చి చేయి చాపినా, ఆయన రక్తం తీసుకోరు. నల్లజాతి పత్రికలు, సంఘాలు గొడవ చేశాయి. 1942 జనవరిలో నిబంధన మార్చారు. తీసుకుంటాం కానీ విడిగా పెడతాం, తెల్లవారి రక్తంతో కలపం అన్నారు.

సైన్సు లెక్కన ఇది పిచ్చి పని. రక్తంలో ఏ, బీ, ఏబీ, ఓ అనే తేడాలున్నాయి, ఆర్‌హెచ్ తేడా ఉంది. చర్మం రంగు తేడా లేదు, జాతి తేడా లేదు, మతం తేడా లేదు. డ్రూ ఈ మాట సభల్లో, రాతల్లో పదే పదే చెప్పారు. నల్లజాతి హక్కుల సంఘం ఇచ్చే స్పింగార్న్ మెడల్‌ను 1944లో అందుకున్నప్పుడూ అదే చెప్పారు.

ఈ విధానానికి నిరసనగా డ్రూ రెడ్ క్రాస్‌కు రాజీనామా చేశారని చాలాచోట్ల రాస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ తేదీలు అలా లేవు. ఆయన 1941 ఏప్రిల్‌లోనే, నల్లవారి రక్తం వద్దన్న ప్రకటన రావడానికి నెలల ముందే, హోవార్డ్‌కు తిరిగి వెళ్లిపోయారు. ఆయన కోరుకున్న అసలు పని అక్కడ ఉంది. నిరసన నిజం, రాజీనామా కథ నిజం కాదు. ఒక మనిషిని గౌరవించడానికి అబద్ధం అక్కర్లేదు.

యుద్ధం ముగిసేలోగా రెడ్ క్రాస్ కోటీ ముప్పై లక్షలకు పైగా యూనిట్ల రక్తం సేకరించింది. రక్తాన్ని జాతి ప్రకారం వేరు చేయడం మాత్రం 1950 దాకా మానలేదు. కొన్ని దక్షిణ రాష్ట్రాల్లో ఆ తర్వాతా సాగింది.

సర్జన్లను తయారు చేసిన సర్జన్

1941లో డ్రూ హోవార్డ్‌లో సర్జరీ విభాగం అధిపతి అయ్యారు. ఫ్రీడ్‌మెన్స్ హాస్పిటల్‌లో ప్రధాన సర్జన్ కూడా. అప్పట్లో నల్లజాతి డాక్టర్లను పెద్ద దవాఖానాలు సర్జరీ శిక్షణకు తీసుకునేవి కావు. శిక్షణ లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే గుర్తింపు లేదు. ఈ ముడి విప్పాలంటే శిక్షణ మన దగ్గరే, ఎవరూ వేలు పెట్టి చూపలేనంత బాగా ఉండాలని ఆయన పట్టుదల. రౌండ్లలో కఠినంగా ఉండేవారు. కేసు చదవకుండా వచ్చినవాడిని వదిలేవారు కాదు. 1948లో ఆయన శిష్యులు అమెరికన్ బోర్డ్ పరీక్షకు మొదటిసారి కూర్చున్నప్పుడు దేశంలోనే మొదటి రెండు ర్యాంకులూ వాళ్లవే. 1941 నుంచి 1950 వరకు అమెరికాలో బోర్డ్ గుర్తింపు పొందిన నల్లజాతి సర్జన్లలో సగానికి పైగా ఆయన చేతి కింద తయారైనవాళ్లే.

తను మాత్రం ఒక తలుపు తెరవలేకపోయారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌లో చేరాలంటే స్థానిక శాఖ ద్వారా చేరాలి. స్థానిక శాఖ నల్లవారిని చేర్చుకోదు. డ్రూ ఉత్తరాలు రాశారు, వాదించారు. బతికుండగా సభ్యత్వం రానే లేదు.

1950 ఏప్రిల్ 1, తెల్లవారి

టస్కీగీలో పేదల కోసం ఏటా ఉచిత వైద్య శిబిరం జరిగేది. డ్రూ ఏటా పోయేవారు. 1950 మార్చి 31న పగలంతా ఆపరేషన్లు, సాయంత్రం విద్యార్థుల మీటింగు. సరిగా నిద్ర లేకుండానే అర్ధరాత్రి దాటాక మరో ముగ్గురు డాక్టర్లతో కారులో బయల్దేరారు. దూరం వందల మైళ్లు. దారిలో నల్లవారిని ఉండనిచ్చే హోటళ్లు తక్కువ, అందుకే వంతులవారీగా నడుపుకుంటూ పోవాలనుకున్నారు. తెల్లవారాక, ఎనిమిది గంటల ప్రాంతంలో, నార్త్ కరోలినాలోని బర్లింగ్టన్ దగ్గర స్టీరింగ్ మీద ఉన్న డ్రూకు కునుకు పట్టింది. కారు రోడ్డు దిగి పల్టీలు కొట్టింది. మిగతా ముగ్గురూ బతికారు. డ్రూ ఛాతీ, కాలు నలిగిపోయాయి.

దగ్గర్లోని అలమాన్స్ జనరల్ హాస్పిటల్‌కు తీసుకెళ్లారు. కొద్దిసేపట్లోనే ప్రాణం పోయింది.

ఆ తర్వాత పుట్టింది ఆ కథ. రక్తం దాచడం లోకానికి నేర్పిన మనిషికి, నల్లవాడని తెల్లవారి దవాఖానాలో రక్తం ఎక్కించలేదని, అలా రక్తం అందక చచ్చిపోయాడని. నోటి నుంచి నోటికి, పత్రికలకు, పుస్తకాలకు, టీవీ సీరియల్‌కు కూడా ఎక్కింది. కథలో ఉన్న చేదు ఎంత సూటిగా ఉందంటే, విన్నవాళ్లు మళ్లీ ప్రశ్నించలేదు.

నిజం వేరు. కారులో ఉన్న తోటి డాక్టర్ జాన్ ఫోర్డ్, ఆయనా నల్లవాడే, అక్కడి తెల్ల డాక్టర్లు చేయగలిగిందంతా చేశారని సాక్ష్యం చెప్పారు. ఛాతీలో పెద్ద సిర దగ్గర దెబ్బ తగిలి రక్తం గుండెకు చేరే దారే మూసుకుపోయింది. ఆ స్థితిలో రక్తం ఎక్కించినా నిలిచేది కాదు. కుటుంబం ఆ డాక్టర్లకు కృతజ్ఞతలు తెలిపింది కూడా.

మరి జనం ఎందుకు నమ్మారు? ఎందుకంటే అలాంటివి నిజంగా జరిగేవి. అదే ఏడాది డిసెంబరులో, అదే ప్రాంతంలో, మాల్థియస్ ఎవరీ అనే నల్లజాతి విద్యార్థి, యుద్ధంలో పని చేసి వచ్చినవాడు, కారు ప్రమాదంలో గాయపడ్డాడు. ఒక పెద్ద దవాఖానాకు పంపితే, నల్లవారికి కేటాయించిన పడకలు నిండిపోయాయని చేర్చుకోలేదు. మరో చోటికి తీసుకెళ్లాక కొద్దిసేపటికే చనిపోయాడు. అతని పేరు ఎవరికీ గుర్తు లేదు. అతని చావు డ్రూ పేరు మీద బతికింది.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. మనకు జరిగిన అన్యాయాలు నిజమైనవే అయినప్పుడు, ఆ కోపంలో ప్రతి వార్తనూ నిజమనుకుని ఫార్వర్డ్ చేసేస్తాం. తర్వాత అది తప్పని తేలితే, నిజమైన అన్యాయాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆ అబద్ధం వల్ల చేయని తప్పుకు అలమాన్స్ డాక్టర్లు ఏళ్ల తరబడి నింద మోశారు. అసలు బాధితుడు ఎవరీ మరుగున పడ్డాడు.

ఆయన వదిలి వెళ్లింది

డ్రూ తర్వాత వైద్యం చాలా మారింది. ఎంతోమంది ప్లాస్మాను కలిపి వాడటం వల్ల కామెర్ల వైరస్ వ్యాపిస్తుందని తర్వాత తెలిసి ఆ పద్ధతి వదిలేశారు. ఇప్పుడు ఒకరిచ్చిన రక్తాన్ని ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తారు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో ఐదారు వారాలు, ప్లేట్‌లెట్లు ఐదు రోజులు, గడ్డకట్టించిన ప్లాస్మా ఏడాది దాకా ఆగుతాయి. ఒక్క సంచీ ముగ్గురికి అక్కరకొస్తుంది.

ఎమర్జెన్సీ వార్డులో ఆలోచన కూడా మారింది. ఒకప్పుడు రక్తం పోయినవాళ్లకు సెలైన్ బాటిళ్లు వరసగా ఎక్కించేవారు. సెలైన్ ఎక్కువైతే ఉన్న రక్తం పలచబడి, గడ్డకట్టే గుణం తగ్గి, ఒళ్లు చల్లబడి, నెత్తురు ఇంకా పోతుందని తెలిసింది. అందుకే తీవ్రంగా రక్తం పోతుంటే ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు ఇంచుమించు సమపాళ్లలో ఇవ్వడం ఇవాళ్టి పద్ధతి. ట్రానెక్జామిక్ యాసిడ్ అనే చవకైన ఇంజెక్షన్‌ను గాయమైన మూడు గంటల్లోపు, ఎంత తొందరగా ఇస్తే అంత మేలని ఇరవై వేల మందికి పైగా గాయపడినవాళ్ల మీద జరిగి 2010లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంలోనూ ఇది పని చేస్తుందని 2017లో మరో పెద్ద అధ్యయనం చెప్పింది. మన అక్కాచెల్లెళ్లకు, కోడళ్లకు ఇది చిన్న విషయం కాదు.

దవాఖానా చేరేలోగా చేయాల్సింది మాత్రం మన చేతుల్లోనే ఉంది. నెత్తురు పోతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా, వదలకుండా నొక్కి పట్టుకోవాలి. గుడ్డ తడిస్తే తీసి చూడొద్దు, దాని మీదే ఇంకోటి పెట్టి నొక్కాలి. చేయి, కాలు నుంచి ధారగా పోతూ నొక్కినా ఆగకపోతే, గాయానికి పైన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన టైం రాసి పెట్టాలి. మనిషికి దుప్పటి కప్పాలి. నోట్లో నీళ్లు, టీ పోయొద్దు. 108కు ఫోన్ చేయాలి. సాయం చేసినవాళ్లను కేసులతో వేధించకుండా చట్టం రక్షణ ఇస్తోంది, భయపడి పక్కకు తప్పుకోనక్కర్లేదు.

ఇక రక్తం. ఇచ్చిన ప్రతి సంచీకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, హెపటైటిస్ సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు జరగాలి. దానికి టైం పడుతుంది. ప్రమాదం జరిగాక పరుగెత్తడం కన్నా, ఏ ప్రమాదమూ లేని రోజున ఇచ్చిన రక్తం విలువ అందుకే ఎక్కువ. మన దేశంలో డబ్బుకు రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుంచి నిషేధం. కాబట్టి దుకాణంలో దొరకదు, ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. 18 నుంచి 65 ఏళ్లలోపు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి.

చార్లెస్ డ్రూ జీవితమంతా ఈ ఒక్క ముందుచూపు చుట్టూ తిరిగింది. ఎవరికి అక్కరకొస్తుందో తెలియకుండానే రక్తం ఇచ్చి పెట్టడం, అది ఎవరికి వెళ్లినా వెళ్లనివ్వడం. బ్లడ్ బ్యాంకులో సంచీ మీద గ్రూపు రాసి ఉంటుంది, తేదీ రాసి ఉంటుంది. ఇచ్చినవాడి కులం, మతం రాసి ఉండవు. ఆ సంచీ ఇంతమాత్రంగా ఉండడం కోసం కూడా ఒక మనిషి పోరాడాల్సి వచ్చింది. ఈసారి మన ఊళ్లో బ్లడ్ క్యాంపు పెట్టినప్పుడు, మెసేజ్ వచ్చేదాకా ఆగకుండా ఒకసారి వెళ్లి రండి.